కారని కప్పు కోసం నాలుగు ఊళ్లు

ఒమాహా
మార్చి 4, 2003

ఒరే డెల్బర్ట్,

నీకు ఫోన్ చేస్తే రిసీవరు చెవికి ఆనించుకుని ఊపిరి తీస్తావు గాని ఒక్క మాట మాట్లాడవు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ఇల్లు అమ్మేశాను. అవును, రాయ్ వాళ్లమ్మ ఇల్లే. పెళ్లయిన దగ్గర్నుంచి నలభై ఏడేళ్లు ఆ చీకటి మెట్లు, ఆ ముదురు తివాచీలు, ఆ లేసు తెరలు. అత్తగారున్నన్నాళ్లూ తెర మార్చనివ్వలేదు. ఆవిడ పోయాక అమ్మ గుర్తు అని రాయ్ మార్చనివ్వలేదు. రాయ్ పోయి రెండేళ్లయింది. ఇప్పుడు తెరలు కాదు, ఇల్లే మారుస్తున్నాను. ఆగస్టు 31న తాళాలు ఇచ్చెయ్యాలి.

ఎలాంటి ఇల్లు కావాలో నీకు తెలుసు. పెళ్లికి ముందు ఆర్కిటెక్టుల ఆఫీసులో టైపు చేసేదాన్ని కదా. గోడల నిండా అలాంటి ఇళ్ల బొమ్మలే ఉండేవి. చదును కప్పు, నేల నుంచి పైదాకా గాజు, ఇంట్లో కూర్చుంటే పెరట్లో కూర్చున్నట్టే ఉంటుంది. అలాంటి ఇంట్లో పొద్దున్నే కాఫీ తాగాలని అప్పుడే అనుకున్నాను. ఇప్పుడు వాటికి మిడ్ సెంచురీ అని పేరు పెట్టి, మ్యూజియం సామాన్లలా ఎగబడి కొంటున్నారట. మనకి పాతికేళ్లప్పుడు కట్టినవేరా అవి. మనకంటే చిన్నవి.

అలాంటి ఇళ్లు కొనడానికి మేలైన ఊళ్లు ఏవో పత్రికలో వేశారు. కత్తిరించి ఇందులో పెట్టాను. డెన్వర్, పామ్ స్ప్రింగ్స్, టల్సా, కొలంబస్. నా మోకాలు కోసి కుట్టారు, జూలై దాకా ప్రయాణం వద్దన్నారు. నువ్వు నలభై ఒక్కేళ్లు ఇళ్ల కప్పులు వేసినవాడివి. పికప్ వేసుకుని నాలుగు ఊళ్లూ తిరిగి చూసి రా.

ఇల్లు దొరక్కపోతే ఏమవుతుందో కూడా చెబుతాను. ఆడపడుచు వివియన్ తన ఇంటి నేలమాళిగలో గది ఖాళీగా ఉందంది. ఖాళీ ఏం కాదు. అక్కడ మూడు వందల పింగాణీ బొమ్మలున్నాయి. ఒక్కటీ కళ్లు మూసుకోదు.

మీ అక్క
విల్మా

*

కెల్సో, నెబ్రాస్కా
మార్చి 10

అక్కా,

వెళ్తాను. బండికి ఆయిల్ మార్చాలి. కోళ్లకి మేత వేస్తానని పక్కింటాయన అన్నాడు.

ఆ ఇళ్లు కారతాయి. చదును కప్పు కప్పు కాదు, పళ్లెం.

డెల్

*

డెన్వర్
మార్చి 29

అక్కా,

ఈ ఊళ్లో పదకొండు ఇళ్లు చూశాను. ఆదివారం ఇళ్లన్నీ తెరిచి పెడతారు. ఎవరైనా వెళ్లొచ్చు. ఓనర్లు ఉండరు, ఏజెంట్లు ఉంటారు. ఓవెన్లో బిస్కెట్లు పెడతారు, వాసన కోసం. గుమ్మంలో పుస్తకం పెట్టి పేరు రాయమంటారు. నేను 'హాస్కిన్స్, కప్పులు' అని రాశాను.

దానివల్ల మంచే జరిగింది. రిపేరుకి వచ్చాననుకుని ఎవరూ నాతో మాట్లాడలేదు. నిచ్చెన ఎక్కడుందో చూపించి వెళ్లిపోయారు.

గాజు బాగుంది. చివరి ఇంటి పైన రెండడుగుల మంచు ఉంది. కప్పు మధ్యలో వంగింది. దిగొచ్చి ఏజెంటు అమ్మాయికి చెప్పాను.

"మంచు ఈ ఇంటికి అందమండీ" అంది.

"అందం లోపలికొస్తుందమ్మా" అన్నాను.

డెన్వర్ వద్దు.

డెల్

*

ఒమాహా
ఏప్రిల్ 5

ఒరే డెల్,

పదకొండు ఇళ్ల గురించి మూడు వాక్యాలు రాశావు. వంటిల్లు ఎలా ఉంది? చెట్లున్నాయా? పొద్దుటి ఎండ ఎటు నుంచి వస్తుంది? నిన్ను పంపింది నాకు కళ్లుగా ఉండమని, కప్పు మీద కాకిలా కూర్చోమని కాదు.

వివియన్ నిన్న వచ్చి కర్టెన్లకి కొలతలు తీసుకెళ్లింది, కింద గదికి. లేసువే కుట్టిస్తుందట.

పామ్ స్ప్రింగ్స్‌లో కాస్త కిందకి దిగి చూడు.

విల్మా

*

పామ్ స్ప్రింగ్స్
ఏప్రిల్ 17

అక్కా,

కిందకి దిగి చూశాను. ఇక్కడి ఇళ్లు నువ్వు చెప్పిన బొమ్మల్లాగే ఉన్నాయి. వెనక కొండ, ముందు ఈతకొలను. ఇక్కడ వాన పడదు గనక కప్పులు బాగున్నాయి. పొద్దుటి ఎండ అన్ని వైపుల నుంచీ వస్తుంది. సాయంత్రం ఎండ కూడా.

కానీ ఇక్కడ ఇల్లు అమ్మకానికి పెడితే చాలు, ఎగబడతారు. ఒక్కో ఇంటికి పదిమంది. నాకు నచ్చిన ఇంటి ఏజెంటు పేరు బ్రాడ్. నల్ల కళ్లజోడు ఇంట్లో కూడా తియ్యడు.

"ధర ఒక్కటే చాలదు సార్. ఓనరుకి ఉత్తరం రాయాలి" అన్నాడు.

"ఏమని?"

"మీ ఇంటిని చూడగానే ప్రేమలో పడ్డామని. కుటుంబం ఫొటో పెట్టాలి. కుక్క ఉంటే మరీ మంచిది."

"మాకు కుక్క లేదు."

"ఒకటి చూసుకోండి" అన్నాడు.

ఇక్కడ అందరూ అలాగే రాస్తున్నారు. ఓనర్లు ఉత్తరాలన్నీ పరుచుకుని ఎవరు ఎక్కువ ప్రేమించారో చూసి అమ్ముతారట. ఉత్తరం నా వల్ల కాదు. నువ్వే రాయి.

డెల్

*

ఒమాహా
ఏప్రిల్ 30

ఒరే డెల్,

రాశాను. రెండు పేజీలు, తప్పు లేకుండా టైపు చేసి బ్రాడ్‌కి పంపాను. 'మీ ఇంటి వెలుగు నా మనసులోకి వచ్చి కూర్చుంది' అని మొదలుపెట్టాను. ఎదురింటి వాళ్ల కుక్కని అరువడిగి ఒళ్లో పెట్టుకుని ఫొటో కూడా దిగాను. అది నా మోకాలి మీదే కూర్చుంది. ఫొటోలో నేను ఏడుస్తున్నట్టుంటే, ఇంటి మీద ప్రేమేనని అనుకుంటారులే అని ఊరుకున్నాను.

ఇవాళ బ్రాడ్ ఫోన్ చేశాడు. ఓనరుకి కుక్కలంటే పడదట. తుమ్ములట. ఫొటో చూసి కూడా తుమ్మాడట.

టల్సాకి వెళ్లు. నాలుగు నెలలే ఉంది.

విల్మా

*

టల్సా, ఓక్లహోమా
మే 9

అక్కా,

టల్సా చేరాను. ఇక్కడి చమురు కంపెనీల వాళ్లు యాభైల్లో వీధులకు వీధులు అలాంటి ఇళ్లే కట్టుకున్నారు. పామ్ స్ప్రింగ్స్ అంత గొడవ లేదు. ఊళ్లో జనం తీరిగ్గా ఉన్నారు.

నిన్న తెరిచి పెట్టిన ఇంటికి వెళ్లాను. ఓనరు ఇంట్లోనే ఉంది. వెళ్లిపొమ్మంటే వెళ్లలేదట. ఏజెంటు బయట సిగరెట్టు కాలుస్తున్నాడు. ఆవిడ వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్లని వచ్చినట్టు చూస్తోంది. ఓవెన్లో ఏమీ లేదు. నేల మీద ఏడు గిన్నెలున్నాయి. వాటిలో చినుకులు పడుతున్నాయి.

"కొనడానికొచ్చారా, చూడ్డానికొచ్చారా?" అంది.

"ఎక్కడానికి" అన్నాను.

"వానొస్తోంది."

"వానలో ఎక్కితేనే తెలుస్తుంది."

ఆవిడే నిచ్చెన పట్టుకుంది.

పేరు ఒలీటా బ్రిగ్స్. డెబ్బై ఏళ్లుంటాయి. చమురు కంపెనీలో పటాలు గీసేదట. ఈ ఇల్లు యాభై ఏడులో ఆవిడా భర్తా కట్టుకున్నారు. పదిహేనేళ్లుగా ఒక్కతే. ముగ్గురు కప్పులవాళ్లు వచ్చి చూసి మొత్తం పీకి కొత్తది వెయ్యాలన్నారట. అంత గొడవ పడలేక అమ్మేస్తోంది.

వంటింట్లో కిటికీ పెద్దది. తూర్పు వైపు. పెకాన్ చెట్లు రెండు. కాఫీ ఇచ్చింది. కుర్చీలు కట్టినప్పటివే, నడుం నొప్పి పెట్టవు. పీచ్ పళ్లు కూరి ఓవెన్లో కాల్చిన 'పై' పెట్టింది. పైన పిండి పొర పలుచగా, అంచున కరకరలాడుతూ ఉంది. లోపల పళ్లు ముద్ద కాలేదు.

ఈ ఇల్లు నీకు బాగుంటుంది.

డెల్

*

ఒమాహా
మే 16

ఒరే డెల్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పుట్టి బుద్ధెరిగాక నువ్వు కిటికీ గురించి రాయడం ఇదే మొదలు. ఆవిడ చేసిన 'పై' గురించి మూడు వాక్యాలు. డెబ్బై రెండేళ్లలో నేను చేసే 'పై' గురించి ఒక్క వాక్యం కూడా విన్నట్టు లేదు.

సరే, ఇల్లు నాకు నచ్చింది. తూర్పు కిటికీ అన్నాక ఇంకేం చూడక్కర్లేదు. ఏజెంటుతో మాట్లాడి నా ధర పంపించాను. ఓనరుకి ఉత్తరం ఇందులో ఉంది, రెండు పేజీలు. ఈసారి కుక్క లేదు. నువ్వే స్వయంగా ఆవిడ చేతికివ్వు. ఇచ్చేటప్పుడు నోరు తెరిచి నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పు. నాలుగు రాకపోతే రెండు.

విల్మా

*

టల్సా
మే 24

అక్కా,

ఉత్తరం ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని చదివింది. రెండో పేజీ కూడా చదివింది.

"మీ అక్కగారు ఏ ఇంటి గురించి రాశారు?" అంది.

"ఈ ఇంటి గురించే."

"వెలుగు గురించి ఉంది, గీతల అందం గురించి ఉంది. గిన్నెల గురించి లేదే."

"చూడలేదు కదా."

"మీరు చూశారుగా. మీరు రాయండి."

రాయడం రాదన్నాను. పెన్నిచ్చింది. ఇక్కడ ఇంకో ముగ్గురు కూడా ఉత్తరాలిచ్చారు. అందరూ ప్రేమలోనే పడ్డారట. ఒకాయన ఏడ్చానని కూడా రాశాడు.

నేను రాసింది నీకూ పంపమంది. ఇదీ:

'మేడమ్, మీ కప్పు కారేది ఒక్కచోటే. వంటింటి పొగగొట్టం చుట్టూ రేకు ఊడింది. నీళ్లు అక్కడ దిగి లోపల చెక్కల వెంట పాకి ఏడుచోట్ల పడుతున్నాయి. ఆ ముగ్గురు కప్పులవాళ్లు చెప్పింది నిజం కాదు. మూడు రోజుల పని. మా అక్కకి అమ్మినా, అమ్మకపోయినా చేసి వెళ్తాను. డి. హాస్కిన్స్.'

చదివి మడిచి జేబులో పెట్టుకుంది. మిగతావి బల్ల మీదే ఉన్నాయి.

డెల్

*

ఒమాహా
మే 30

డెల్బర్ట్,

'అమ్మకపోయినా' ఎందుకు రాశావురా?

ఇల్లు కొనడానికి వెళ్లినవాడు ఎవడైనా ఆ మాట రాస్తాడా? ఆవిడ అమ్ముతున్నదే కప్పు కారుతోందని. అది కారకపోతే ఆవిడకి అమ్మాల్సిన పనేముంది? కాస్త ఆలోచించు. కప్పు బాగుచెయ్యొద్దు. సంతకాలయ్యేదాకా దాని జోలికి వెళ్లకు. నేను తాళాలు తీసుకున్నాక నీ ఇష్టం, రోజంతా పైనే ఉండు.

వివియన్ బొమ్మలకి పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. రాత్రి నాకు ఎవరెవరు తోడుంటారో తెలియాలట.

కొలంబస్ కూడా చూసి రా, ఎందుకైనా మంచిది.

విల్మా

*

టల్సా
జూన్ 12

అక్కా,

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. అప్పటికే రేకు తీసేశాను. తీశాక పెట్టకుండా ఉంటే ఇల్లంతా తడుస్తుంది.

మూడు రోజులన్నాను. కొంచెం పెరిగింది. రేకు కింద చెక్క చూశాను. కప్పు మీది నీళ్లు పోయే తూము కూడా చూడాలి. తారు పోశాక ఆరాలి. ఎండలు మండిపోతున్నా గాలిలో తేమ ఉంది. త్వరగా ఆరదు.

కొలంబస్ తర్వాత వెళ్తాను.

ఒలీటా పొద్దున ఆరింటికే కాఫీ పెడుతుంది. నిన్న బెండకాయ వేయించింది. పటాలు గీయడం ఎలాగో చూపించింది. నా చెయ్యి నిలకడగా ఉందంది.

డెల్

*

ఒమాహా
జూన్ 18

ఒరే తమ్ముడూ,

నాలుగు సంగతులు అడుగుతాను, నాలుగింటికీ జవాబు రాయి.

తారు ఆరడానికి ఎన్ని వారాలు పడుతుంది? నువ్వు కెల్సో చర్చి కప్పు మొత్తం ఎనిమిది రోజుల్లో వేశావు, నాకు గుర్తుంది.

మిసెస్ బ్రిగ్స్ ఒలీటా ఎప్పుడైంది?

ఆవిడ నిన్నేమని పిలుస్తోంది? డెల్ అని మాత్రం అనొద్దను. ఆ పేరు నేను పెట్టింది.

నా ధర పంపి నెలయింది. ఆవిడ ఏమంటోంది?

విల్మా

*

టల్సా
జూన్ 26

అక్కా,

తారు ఆరింది.

రెండోదీ మూడోదీ వదిలెయ్.

ఇల్లు గురించి ఆవిడ ఆలోచిస్తోంది.

ఇక్కడ ఆదివారం గాలివాన వచ్చింది. వడగళ్లు కూడా.

డెల్

*

ఒమాహా
జూలై 3

డెల్బర్ట్,

గాలివాన వచ్చిందన్నావు. కప్పు కారిందా, కారలేదా? దాని గురించి ఒక్క ముక్క రాయలేదు. కప్పుల గురించి రాయకుండా నువ్వు ఉత్తరం ముగించడం ఇదే మొదటిసారి. ఏదో దాస్తున్నావు.

విల్మా

*

టల్సా
జూలై 9

అక్కా,

కారలేదు.

రాత్రంతా కురిసింది. పొద్దున వెళ్లి చూస్తే ఏడు గిన్నెలూ పొడిగా ఉన్నాయి. ఆవిడ ఒక్కోటీ తీసి, తుడిచి, అల్మారాలో పెట్టింది. తర్వాత బయటికి వెళ్లింది. ముందు పచ్చిక మీద అమ్మకానికని పాతిన బోర్డుని పట్టుకుని ఊపింది. ఊడలేదు.

"కాస్త సాయం పట్టండి" అంది.

పట్టాను.

బోర్డు తీసింది జూన్ 23న. నీకు చెప్పలేదు. రెండు ఉత్తరాలు రాయబోయి చింపేశాను. నువ్వు నన్ను పంపింది నీ ఇంటికోసం. నేను ఇంకొకరి ఇల్లు నిలబెట్టాను. కొలంబస్ వెళ్లి తీరతాను. ఆగస్టు లోపల చూస్తాను.

తిట్టు. పడతాను.

డెల్

*

టల్సా, పదకొండో వీధి మోటెల్
జూలై 22

ఒరే డెల్,

ఉత్తరం మీద ఊరి పేరు చూసి కంగారుపడకు. ఈ ఊళ్లోనే ఉన్నాను, మూడు రోజులైంది. డాక్టరు కదలొచ్చన్నాడు. అదేరోజు బస్సెక్కాను. నిన్ను ముఖం మీద తిడదామని వచ్చాను. ఉత్తరంలో తిడితే నువ్వు మడిచి పెట్టేస్తావు.

ఆదివారం సాయంత్రం టాక్సీలో ఆవిడ ఇంటి ముందు దిగాను. నువ్వు కప్పు మీద ఉన్నావు. ఆవిడా కప్పు మీదే ఉంది, మడత కుర్చీ వేసుకుని. డెబ్బై ఏళ్ల మనిషి నిచ్చెనెక్కి, కుర్చీ కూడా ఎక్కించుకుంది. నువ్వు మాట్లాడుతున్నావు. చెయ్యి అటూ ఇటూ తిప్పుతూ ఏదో చెబుతున్నావు, ఆవిడ నవ్వుతోంది. టాక్సీవాణ్ణి ఆగమన్నాను. గడియారం చూశాను. పద్దెనిమిది నిమిషాలు ఆపకుండా మాట్లాడావు.

నువ్వు కప్పుల పనిలోకి ఎందుకు వెళ్లావో ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. పైకెక్కితే మాట్లాడించడానికి ఎవరూ రారని. నలభై ఒక్కేళ్ల తర్వాత ఒకావిడ కుర్చీతో సహా ఎక్కేసింది. ఇంక తిట్టడానికి మొహం చెల్లలేదు. తిరిగి టాక్సీ ఎక్కాను.

"ఎవరింటికమ్మా?" అన్నాడు.

"ఈ చుట్టుపక్కల అమ్మకానికి బోర్డున్న ఇంటికి పోనీయ్" అన్నాను.

రెండు వీధుల అవతల ఉంది. అదీ ఆ కాలందే. ఓనరు రిటైరైన పళ్ల డాక్టరు. గాజు బాగుంది, తూర్పు బాగుంది. వంటింట్లో తొమ్మిది గిన్నెలున్నాయి. ఒలీటాకంటే రెండెక్కువ. నన్ను చూసి గబగబా దాచబోయాడు. దాచొద్దన్నాను.

ఈసారి రెండు పేజీలు టైపు చెయ్యలేదు. అక్కడే నిలబడి చీటీ రాసిచ్చాను. 'మీ కప్పు కారుతుంది. నాకు తెలుసు. మా తమ్ముడు కప్పులవాడు, ఈ ఊళ్లోనే ఉన్నాడు, ఇప్పట్లో కదిలేలా లేడు.' ఇవాళ పొద్దున ఒప్పుకున్నాడు. ఆగస్టు 20న తాళాలు.

వివియన్‌కి ఫోన్ చేసి చెప్పాను. బొమ్మలు నిరాశపడ్డాయట.

ఇంక ఎగ్గొట్టే దారి వెతక్కు. మూడు రోజుల పని అంటావో, మూడు నెలలంటావో నీ ఇష్టం, తారు నా కప్పు మీద కూడా అంత నెమ్మదిగానే ఆరాలి. పళ్ల డాక్టరు ఇప్పుడే ఎక్కొచ్చన్నాడు. వచ్చే సోమవారం మొదలుపెట్టు.

మీ అక్క
విల్మా

*

టల్సా
జూలై 24

అక్కా,

నీ కప్పు చూశాను. నువ్వు మోటెల్లో ఉండగా పళ్ల డాక్టరు నిచ్చెన ఇచ్చాడు. ఒక్కచోటు కాదు, మొత్తం పోయింది. పీకి కొత్తది వెయ్యాలి. తాళాలు నీ చేతికొచ్చే లోపు అవుతుంది. ఈసారి త్వరగా ఆరుతుంది.

పద్దెనిమిది నిమిషాలు నేను చెప్పింది తూము సంగతి. ఆవిడే అడిగింది.

సోమవారం కుదరదు. మంగళవారం వస్తాను. సోమవారం సూటు వేసుకోవాలి. సూటుతో కప్పు ఎక్కలేను.

పదకొండింటికి కౌంటీ కోర్టు మెట్ల దగ్గరికి రా. మంచి మాటలేమీ చెప్పక్కర్లేదు, సంతకం పెడితే చాలు. ఈ రాష్ట్రంలో పెళ్లికి ఇద్దరు సాక్షులుండాలట. మాకు ఒకరు తక్కువయ్యారు.

డెల్